సూరమ్మకు వచ్చిన నా జబ్బు

జూన్ 14, శనివారం

ఈ పొద్దున కూడా తారకేశ్వరరావు గారు దేవుణ్ణి పంపించారు. నిన్న వెంకన్న, ఇవాళ ఆంజనేయుడు. పాదాల దగ్గర గులాబీ, పక్కన ఆవిర్లు కక్కే కాఫీ కప్పు, కింద శుభోదయం. ముప్పై నాలుగేళ్ళు జీవశాస్త్రం చెప్పాను, కోతులు కాఫీ తాగుతాయని ఏ పుస్తకంలోనూ చదవలేదు. రిటైర్డ్ టీచర్ల గ్రూపులో అదే మాట రాశాను. పదకొండు మంది నా మీద పడ్డారు. దేవుణ్ణి కోతి అంటావా అని ఒకావిడ ఏడ్చినంత పని చేసింది. ఆయన మాత్రం విడిగా మెసేజ్ పెట్టారు.

"మోహిని గారూ, రేపటి నుంచి మీకు కప్పు లేకుండా పంపిస్తాను."

టెక్కలిలో తెలుగు పండితుడిగా చేసి రిటైరయ్యారట. నేనెప్పుడూ చూడలేదు. చూసినా ఇదే అందును.

మధ్యాహ్నం బడిలో కిడ్నీ పరీక్షలు. మా ఊళ్ళో పెళ్ళికి పిలిస్తే రానివాళ్ళు కూడా దీనికి వస్తారు, ఎవరికెంత వచ్చిందో తెలుసుకోవడానికి. ఆడవాళ్ళ కాగితాలు నింపమని ఆశా కార్యకర్త కాసులమ్మ నన్ను బల్ల దగ్గర కూర్చోబెట్టింది. ఇరవై రెండు నింపాను. చివరి రెండూ నాదీ, సూరమ్మదీ.

సూరమ్మ పక్కింటి మనిషి. నాకంటే రెండేళ్ళు చిన్న, నన్ను అక్కలా అప్పా అంటుంది. జీడి ఫ్యాక్టరీలో పప్పు పొట్టు తీస్తుంది. చదువు రాదు. పెన్షన్ నుంచి కరెంటు బిల్లు వరకు దాని కాగితాలన్నీ నేనే చూస్తాను. "అప్పా, నాదేది?" అని చెయ్యి చాపింది. నా పేరున్న కాగితం దాని చేతిలో పెట్టాను. దాని పేరున్నది నేను పట్టుకున్నాను. రక్తం తీసే అమ్మాయి తలెత్తి మొహాలు చూడలేదు. కాగితం మీద ఒక నంబరు, గొట్టం మీద అదే నంబరు అంటించింది. అంతే. నిమిషం పని.

పోయిన నెల పలాసలో ఎవరికీ చెప్పకుండా చేయించుకున్నప్పుడు నా క్రియాటినిన్ 2.7. ఒకటింపావు దాటితే ఏమిటో నాకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. ఆ కాగితాన్ని పొయ్యిలో పెట్టాను. ఇవాళ్టిది అలా పెట్టడం కుదరదు. ఫలితాలు వచ్చిన సాయంత్రానికే ఊరంతా జాబితా చదువుతుంది. వచ్చే ఆదివారం మనవరాలు జ్యోత్స్నను చూడ్డానికి కంచిలి నుంచి వస్తున్నారు. ఈ ఉద్దానంలో పెళ్ళివారు ముందు అడిగేది పిల్ల చదువు కాదు, ఇంట్లో కిడ్నీ ఉందా అని.

సూరమ్మకు ఉన్నది ఒక్క కొడుకు. చెన్నైలో ఉంటాడు, పెళ్ళై ఇద్దరు పిల్లలు. దానింట్లో పెళ్ళి కావలసినవాళ్ళు ఎవరూ లేరు. పది రోజుల్లో నేనే చెప్పేస్తాను. దానికేం పోయింది.

జూన్ 15, ఆదివారం

కప్పు లేని వినాయకుడు వచ్చాడు. మనిషి మాట మీద నిలబడేవాడే.

జూన్ 18, బుధవారం

కాసులమ్మ అరుగు మీదే నిలబడి చదివింది, మైకు ఒక్కటే తక్కువ.

"టీచరమ్మా, మీకు 0.8. ఈ వయసుకి సంటిపిల్ల కిడ్నీలండి మీవి." తర్వాత గొంతు తగ్గించింది, వీధి చివరి ఇంటికి మాత్రమే వినపడేటట్టు. "సూరమ్మకే బాగులేదు. 2.9."

సూరమ్మ పనస తొనలు వలుస్తోంది. చేతులకు నూనె. ఆ చేతుల్తోనే కాగితం తీసుకుని నాకు ఇచ్చింది. "ఆ మనిసికి సరిగ్గా సదవడం రాదు. నువ్వు సదువు అప్పా."

నేను చదివాను. పేరు చదివాను, వయసు చదివాను, 2.9 అని చదివాను. నా గొంతు ఎక్కడా ఆగలేదు. క్లాసులో చదివినట్టే చదివాను.

"పలాస పెద్దాసుపత్రికి ఎల్లి మల్లీ సేయించుకోవాల" అంది కాసులమ్మ.

"నానెల్లను. మా ఆయన ఎల్లినాడు, మా మరిది ఎల్లినాడు. ఎవులు తిరిగొచ్చినారు? ఆ రగతం కడిగే మిసన్ ఎక్కిత్తే మరి దింపరు."

వెళ్తే తేలిపోతుంది. నాకూ దానికీ గొడవ తీరిపోతుంది. వెళ్ళనని భీష్మించుకు కూర్చుంటే నేనేం చెయ్యను? మొండి మనిషి. నలభై ఏళ్ళుగా చూస్తున్నాను, ఒక్కటంటే ఒక్క మంచి మాట విన్నది లేదు.

నెలలో 0.2 పెరిగింది. సూరమ్మకు.

జూన్ 19, గురువారం

తారకేశ్వరరావు గారితో గంటసేపు వాదన. ఇంట్లో ఎవరికీ నాతో వాదించే ఓపిక లేదు. ఆయనకుంది.

"మీకు దేవుడంటే పడదు. మరి దేనికి తల వంచుతారు?" అని రాశారు.

"నిజానికి."

"నా దేవుడు రోజూ నా దగ్గర దీపం పెట్టించుకుంటాడు. మీ నిజం మిమ్మల్ని ఎప్పుడైనా ఏదైనా అడిగిందా?"

"దానికి నూనె ఖర్చు లేదు."

పళ్ళు ఇకిలించే బొమ్మలు నాలుగు పెట్టారు. "మీతో మాట్లాడితే పొద్దున్నే పేపరు చదివినట్టుంటుంది."

"నిజాలుంటాయనా?"

"తిట్లుంటాయని."

నవ్వొచ్చింది. తర్వాత ఆయన అడిగారు, మీరు జీవితంలో పెద్ద అబద్ధం ఎప్పుడైనా ఆడారా అని. లేదు అని రాశాను. రాసిన వెంటనే ఫోను ఛార్జింగులో పెట్టి బట్టలు ఆరెయ్యడానికి వెళ్ళాను. ఆరెయ్యడానికి బట్టలు లేవు.

జూన్ 22, ఆదివారం

కంచిలివాళ్ళు వచ్చి వెళ్ళారు. అబ్బాయి అజయ్. నెమ్మదస్తుడు, జ్యోత్స్న మాట్లాడితే వింటున్నాడు. ఆ ఒక్క లక్షణం మా వంశంలో మగవాళ్ళకు లేదు. తల్లిదండ్రులు పకోడీలు తిన్నారు. మాట్లాడింది మేనమామ ఢిల్లేశ్వరరావు.

"సెడ్డగా అనుకోకండి. ఇంట్లో కిడ్నీ గొడవలేటైనా ఉన్నాయేటండీ?"

"మా ఆయన గుండెపోటుతో పోయారు" అన్నాను. మా వైపు అది గొప్పగా చెప్పుకునే చావు.

"మరి తమరికి?"

0.8 తెచ్చి చేతిలో పెట్టాను. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని మరీ చదివాడు. "పక్కింటామెకి వచ్చినాదంట గదా. మీకూ ఆవిడికీ నీరొకటే గదేటి?"

"ఒకే బళ్ళో చదివినంత మాత్రాన అందరూ పాసవరు."

అందరూ నవ్వారు. మా శివాజీ, నా కొడుకు, అందరికంటే గట్టిగా నవ్వాడు. ఆషాఢం వెళ్ళాక శ్రావణం మొదట్లో తాంబూలాలు అనుకున్నారు.

వాళ్ళు వెళ్ళాక జ్యోత్స్న వంటింట్లోకి వచ్చింది. విశాఖలో మందుల కంపెనీ ల్యాబులో చేస్తుంది, మాట నాదే వచ్చింది. "నాన్నమ్మా, నీ రక్తం కాగితం చూపించి నన్ను ఒప్పించావు. నా డిగ్రీ చూపించినా బాగుండేది."

శ్రావణం వరకు ఆగితే చాలు. తాంబూలాలు అందుకున్న మర్నాడే సూరమ్మకు చెప్తాను.

జూన్ 27, శుక్రవారం

సూరమ్మ ఫ్యాక్టరీ మానేసింది. పగలంతా గుమ్మంలో కూర్చుంటోంది. నిన్న గంగమ్మ తల్లికి పసుపునీళ్ళ ముర్రాటలు పోసి వచ్చింది. ఇవాళ కంచు చెంబు ఒకటి పట్టుకొచ్చి జ్యోత్స్న పెళ్ళికి ఉంచమంది.

"అప్పటికి నానుంతానో లేదో."

"నోరు ముయ్యి" అన్నాను.

"నీకేటి కోపం? నా సావు నాను సత్తన్నాను."

చెంబు తీసుకోలేదు. కోపం రాదా మరి? ఒక అంకె చూసి మంచం ఎక్కడమేమిటి? ఒంట్లో ఎలా ఉందో తనకు తెలియదా? నెల క్రితం జీడి తోటలో నాకంటే ముందు నడిచింది. నాకు ఆయాసం వచ్చి గట్టు మీద కూలబడితే ఇదే నన్ను లేపింది. తన ఒంటిని నమ్మదు, కాసులమ్మ కాగితాన్ని నమ్ముతుంది. దీన్నే మూఢనమ్మకం అంటారు.

జూలై 3, గురువారం

ఏదో వాసన వస్తోందని దానింట్లోకి వెళ్ళాను. పొయ్యి మీద మట్టి కుండ, అందులో నల్లగా ఏదో మరుగుతోంది. బరంపురం అవతల ఎవరో ఇస్తాడట, వేరు మందు. పూటకి గ్లాసెడు. ఫ్యాక్టరీ ఆడవాళ్ళే తెప్పించి ఇచ్చారట.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఆరు రోజులు."

ఇలాంటి వేళ్ళ కషాయాలు తాగి బాగున్న కిడ్నీలు పాడైనవాళ్ళ గురించి నేను పదో తరగతికి పాఠం చెప్పాను. బొమ్మ గీసి చెప్పాను. అదే ఇవాళ దానికి చెప్పాను. అరిచాను. కుండ పారబొయ్యబోయాను. చెయ్యి పట్టుకుంది.

"నీకు బాగున్నాది, నువ్వు సెప్తావు. సంటిపిల్ల కిడ్నీలు నీవి. నాకేటున్నాది అప్పా, ఇది తప్ప?"

నీకు జబ్బు లేదు అనే మాట పళ్ళ వరకు వచ్చింది. పళ్ళు మూసుకున్నాను.

జూలై 4, శుక్రవారం

శ్రావణానికి ఇరవై ఒక్క రోజులు.

జూలై 5, శనివారం

ఇరవై.

జూలై 8, మంగళవారం

తిక్క పుట్టి తారకేశ్వరరావు గారికి రాశాను: "మీ దేవుడు వేరు మందు తాగేవాళ్ళను ఎందుకు ఆపడు?"

"ఎవరు తాగుతున్నారు?"

"పక్కింటావిడ. దేవుడికి చేతులు ఖాళీ లేవు కాబోలు."

"మీరు ఆపలేదా?"

"చెప్పాను. వినదు."

"మీరు చెప్తే వినని మనిషి కూడా ఉందా మోహిని గారూ? ఇంకేదో చెప్పకుండా ఉన్నారేమో."

ఫోను దిండు కింద తోసేశాను. వెటకారం నాకు మాత్రమే వచ్చనుకున్నాను.

జూలై 9, బుధవారం

పొద్దున దేవుడు రాలేదు. పది దాటాక పొడవాటి మెసేజ్ వచ్చింది. ఉన్నదున్నట్టు దించుకుంటున్నాను.

"నిన్న మిమ్మల్ని నొప్పించినట్టున్నాను. ఒక మాట చెప్పాలి. నేను రోజూ దీపం పెడుతున్నానని మీకు రాశాను. అది అబద్ధం. మా ఆవిడ పోయి రెండేళ్ళు. ఆ రోజు నుంచి దేవుడి గది తలుపు తియ్యలేదు. ఈ బొమ్మలన్నీ ఆవిడ ఫోన్లోవి. ఆవిడే అందరికీ పంపేది. ఆవిడ పనిని నేను చేస్తున్నాను, నమ్మకంతో కాదు. అందరూ నన్ను భక్తుడంటున్నారు, కాదనలేదు. మీరు నిజానికి తప్ప తల వంచని మనిషి కాబట్టి మీకు చెప్పుకుంటే బరువు తగ్గుతుందనిపించింది."

ఎవరు చెప్పమన్నారు ఈయన్ని? నేనడిగానా? రెండేళ్ళు దాచుకున్నవాడు ఇంకో నెల దాచుకోలేకపోయాడా? ఎవరికీ చేటు చెయ్యని అబద్ధం అది. దీపం వెలగకపోతే ఎవరి కడుపులో మంట? అంత చిన్నదానికి ఇంత పెద్ద ఉత్తరం. పైగా నేను నిజం మనిషినట. చూసి వచ్చాడా?

జవాబు రాయలేదు. కూర మాడ్చాను. శివాజీ మాడిన వాసన అంటే, నీ ముక్కుకి పని లేదా అన్నాను.

జూలై 11, శుక్రవారం

మధ్యాహ్నం సూరమ్మ పెరట్లో వాంతి చేసుకుంటూ కూర్చుంది. మూడోసారట. పాదాలు చూశాను. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. నా పాదాలకు పడే గుంట నాకు తెలుసు. నెలన్నర నుంచి చీర కుచ్చిళ్ళు కిందకి కట్టి దాస్తున్నాను. దానికి పోయిన నెల వరకు లేదు.

మొహం కడిగించి మంచం మీద కూర్చోబెట్టాను. నీళ్ళు ఇచ్చాను. గ్లాసు పక్కన పెట్టి ఆ వేరు మందు ఇవ్వమంది.

"సూరీ, నీకు కిడ్నీ జబ్బు లేదు."

"సాల్లే. దైర్యం సెప్పడం నీకు సేత కాదు."

"ధైర్యం కాదు. ఆ 2.9 నాది. బళ్ళో కాగితాలు నేను మార్చాను. నాది నీ చేతిలో పెట్టాను, నీది నేను పట్టుకున్నాను. 0.8 నీది."

నా వైపు చూసింది. పెరట్లో కోడి ఏదో గీరుకుంటోంది.

"పొరపాటున మారినాయేటి?"

ఆ దారి అది తెరిచింది. అవును అంటే సరిపోయేది. నాలుగు క్షణాలు ఆ దారి మొదట్లో నిలబడ్డాను కూడా.

"కాదు. తెలిసే మార్చాను. జ్యోత్స్న సంబంధం పోతుందని."

"మరి నా పేరే ఎందుకు పెట్టినావు అప్పా? ఇరవై మంది ఉన్నారు గదా నీ బల్ల కాడ."

"మీ ఇంట్లో పెళ్ళి కావలసిన పిల్లలు లేరు."

సూరమ్మ తలూపింది, లెక్క సరిచూసుకుంటున్నట్టు. "అవును. పెల్లికి పిల్లల్లేరు." పైట కొంగుతో మూతి తుడుచుకుంది. "నానున్నాను గదేటి."

నేను నీళ్ళ గ్లాసు తీసి గూట్లో పెట్టాను.

సూరమ్మ లేచి వెళ్ళి పొయ్యి మీద కుండ దించింది. పెరట్లోకి తీసుకెళ్ళి ఒంచింది. ఖాళీ కుండను నా కాళ్ళ దగ్గర పెట్టి, "ఇంటికెల్లు" అంది. దాని ఇంట్లోంచి నన్ను పొమ్మనడం ఇదే మొదలు.

జూలై 12, శనివారం

శివాజీకి చెప్పాను. వాడు తలుపు పట్టుకుని నిలబడి, "నీకెంతమ్మా ఇప్పుడు?" అని మాత్రం అడిగాడు. తిట్టి ఉంటే తిరిగి తిట్టేదాన్ని.

జ్యోత్స్న ఫోన్లో అరిచింది. "అది నా రక్తం కూడా నాన్నమ్మా. ముందు నాకు తెలియాలి. ల్యాబులో రోజుకి వంద గొట్టాలకి నంబర్లు అంటిస్తాను నేను. ఒక్కటి మారితే ఉద్యోగం పోతుంది. నువ్వు సూరమ్మ మామ్మవి మార్చేశావు. నీకు ఎవరు టీచరు ఉద్యోగమిచ్చారు?"

బాగా తిట్టింది. మాట నాదే వచ్చిందని రాశాను గదా, పదును దానిదే.

కంచిలికి శివాజీ ఫోను చేసి ఉన్నది చెప్పాడు. మేనమామ "సూద్దాం" అన్నాడట. ఫెయిలైన పిల్లల తండ్రులకు నేనూ అదే మాట చెప్పి పంపేదాన్ని. అజయ్ మాత్రం సాయంత్రం జ్యోత్స్నకు చేశాడట. ఏమన్నాడో అది చెప్పలేదు, నేను అడగలేదు. అడిగే అర్హత పోయింది.

కాసులమ్మకు కూడా చెప్పాను. ఆ మాట ఈసారి ఊరంతా చదువుతుంది. చదవనీ.

జూలై 14, సోమవారం

పలాస ఆసుపత్రి. సూరమ్మ రానంది. తర్వాత ఆటో కదలబోతుంటే వచ్చి ముందు సీట్లో డ్రైవరు పక్కన కూర్చుంది. దారంతా దాని జడ వైపు చూస్తూ వెళ్ళాను.

నాకు 3.1.

సూరమ్మకు 1.6.

డాక్టరమ్మకు మా జ్యోత్స్న వయసే ఉంటుంది. నేను మొత్తం చెప్పాను. ఆవిడ పెన్ను కింద పెట్టి విన్నది. "ఆ వేరు మందు వల్లే అయ్యుండొచ్చు. ఆపేశారు కదా. నెల తర్వాత మళ్ళీ చూద్దాం. దిగొచ్చు."

"దిగుతుందా, దిగొచ్చా?" అని అడిగాను.

"దిగొచ్చమ్మా."

లేని జబ్బుని నేను దాని పేరున రాశాను. నెల తిరిగేసరికి అది సగం దారి వచ్చేసింది.

జూలై 15, మంగళవారం

తారకేశ్వరరావు గారికి అంతా రాశాను. ఎక్కడా వెటకారం లేకుండా రాయడానికి రెండు గంటలు పట్టింది. మీ అబద్ధానికి ఎవరి పాదాలూ వాయలేదు, నాదానికి వాచాయి అని ముగించాను. నన్ను నిజం మనిషి అనొద్దని కూడా.

చాలాసేపటికి జవాబు వచ్చింది. నన్ను ఓదార్చలేదు, సత్యహరిశ్చంద్రుణ్ణి తీసుకురాలేదు, పాపమో పుణ్యమో అనలేదు.

"ఇవాళ ఏమైనా తిన్నారా?"

లేదు అని రాశాను. ఈ "లేదు" నిజమే.

"నేనూ తినలేదు. నేను ఉప్మా చేసుకుంటాను. మీరేదైనా చేసుకోండి."

చిరాకు మనిషి. వెళ్ళి అన్నం వండాను.

జూలై 17, గురువారం

పన్నెండు గంటలకి సూరమ్మ వచ్చింది. చేతిలో సొంత కంచం. నన్ను దాటుకుని వంటింట్లోకి వెళ్ళి పీట వేసుకుని కూర్చుంది.

"నాకు వండుకునే ఓపిక లేదు. నెల్లాల్లు నువ్వే వండు."

వండింది పెట్టాను. డాక్టరమ్మ చెప్పినట్టు ఉప్పు తగ్గించిన బీరకాయ కూర. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగింది, మింగింది. దాని పాదాల వైపు నా చూపు పోయింది. వాపు కొంచెం తగ్గినట్టుంది. తగ్గకపోయినా తగ్గినట్టే కనపడుతుంది నాకు, కాబట్టి ఆ మాట లెక్కలోకి రాదు.

"సూరీ, నెల తర్వాత అది దిగకపోతే..."

"మాటాడకు."

"నేను చెప్పేది..."

"నోరు మూసుకుని తిను అప్పా."

నా ఎదుట అలా అన్న మనిషి ఈ ఊళ్ళో ఇంతవరకు లేదు. కంచం దగ్గరకు లాక్కుని తిన్నాను.